బటన్ చాకా, అసిస్టెడ్ చాకా: సరుకు గది నుంచి ఒక పోలిక

డాలస్ శివారులోని ఒక భారతీయ కిరాణా దుకాణంలో వెనుక తలుపు దగ్గర సరుకు దించుకుని సర్దే పని నాది. బియ్యం బస్తాల మూతి కుట్టు, పప్పుల పెట్టెల మీది టేపు, పాలెట్ మొత్తానికి చుట్టిన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని కింద బిగించిన పట్టీలు, వేసవిలో మామిడి పండ్ల పెట్టెలు: ఇవన్నీ కోయడానికి రోజుకు ఎన్నిసార్లు చాకు తీస్తానో ఎన్నడూ లెక్కపెట్టలేదు గానీ, సాయంత్రానికి బొటనవేలు కాయకాచినంత పని మాత్రం అవుతుంది. ఒక చేత్తో పెట్టె పట్టుకుని రెండో చేత్తోనే చాకు తెరవవలసిన అవసరం నాకు నిజంగా ఉన్నది కాబట్టి, స్ప్రింగు సాయంతో తెరుచుకునే చాకుల వైపు మొగ్గాను. రెండేళ్లుగా రెండు రకాలనూ మార్చి మార్చి వాడుతున్నాను. ఒకటి కెర్షా కంపెనీ వారి లీక్ అనే అసిస్టెడ్ చాకు. రెండోది అదే కంపెనీ వారి లాంచ్ 1 అనే బటన్ చాకు. ఈ సమీక్ష ముఖ్యంగా ఈ రెండింటి గురించే అయినా, కొనబోయేవారు చూడవలసిన తక్కిన సంగతులు కూడా ఇందులో చెప్పదలచుకున్నాను.

ముందుగా తేడా ఏమిటో స్పష్టంగా తెలుసుకోవాలి, ఎందుకంటే దుకాణంలో అద్దం వెనుక పక్కపక్కన పెట్టినప్పుడు రెండూ ఒకే జాతివిగా కనిపిస్తాయి. బటన్ చాకులో అలుగు మూసి ఉన్నప్పుడు కూడా చుట్టస్ప్రింగు దాన్ని బయటికి తోస్తూనే ఉంటుంది. బటన్‌కు అనుసంధానమైన చిన్న ఉక్కు కడ్డీ ఒకటి అడ్డుపడి ఆపుతూ ఉంటుంది. బటన్ నొక్కగానే అడ్డు తొలగి అలుగు తనంతట తానే తెరుచుకుంటుంది. అసిస్టెడ్ చాకులో సంగతి ఇందుకు విరుద్ధం: మూసి ఉన్నంతసేపూ స్ప్రింగు అలుగును లోపలికే పట్టి ఉంచుతుంది. మనం బొటనవేలితో అలుగు మీది బొడిపెను గానీ, చూపుడువేలితో వెనుక పొడుచుకు వచ్చిన మొటిమను గానీ నెట్టి, ఆ పట్టును దాటించిన తరువాతనే స్ప్రింగు పక్షం మార్చి, మిగిలిన దూరం అలుగును తోసుకుపోతుంది. లీక్‌లో ఉన్న స్పీడ్‌సేఫ్ అనే ఏర్పాటు చుట్టస్ప్రింగు కాదు, మెలితిరిగే సన్నని ఉక్కు కడ్డీ. దానిని రూపొందించినవాడు కెన్ ఆనియన్ అనే కత్తుల రూపశిల్పి, లీక్ కూడా ఆయన గీసినదే.

ఈ యంత్రభేదమే అమెరికాలో చట్టభేదం కూడా అయింది. 1950ల్లో ఇక్కడి పత్రికలు కుర్రకారు ముఠాల చేతుల్లో బటన్ చాకుల గురించి విపరీతంగా గగ్గోలు పెట్టగా, 1958లో స్విచ్‌బ్లేడ్ చట్టం వచ్చింది. పిడిలోని బటన్ నొక్కితే తెరుచుకునే చాకును ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వ్యాపారంగా పంపడాన్ని అది నిషేధించింది. అసిస్టెడ్ చాకులు ఆ నిర్వచనంలోకి వస్తాయా రావా అన్న సందేహం చాలాకాలం నలిగింది. 2009లో కస్టమ్స్ శాఖ వాటిని కూడా స్విచ్‌బ్లేడ్లుగానే లెక్కించాలని ప్రతిపాదించగా, అదే ఏడాది కాంగ్రెస్ చట్టాన్ని సవరించి, మూసుకునే వైపు మొగ్గు ఉండి అలుగును చేత్తో కదిలిస్తే గాని తెరుచుకోని చాకులకు మినహాయింపు ఇచ్చింది. అంటే లీక్ వంటి చాకు ఫెడరల్ చట్టం దృష్టిలో మామూలు మడత చాకే. ఇక దగ్గర ఉంచుకోవడం, వెంట తీసుకువెళ్లడం మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు చట్టమే నిర్ణయిస్తుంది. టెక్సస్ 2013లో బటన్ చాకును నిషిద్ధాయుధాల జాబితా నుంచి తీసివేసింది. 2017 సెప్టెంబరు నుంచి 5.5 అంగుళాలకు మించిన అలుగులకే కొన్ని చోట్ల ఆంక్షలు మిగిలాయి. కాలిఫోర్నియాలో బటన్ చాకు అలుగు 2 అంగుళాల లోపే ఉండాలి; కెర్షా లాంచ్ 4 అనే బుల్లి చాకు అలుగును 1.9 అంగుళాల దగ్గర ఆపడంలోని అంతరార్థం అదే. కనుక ఆ రాష్ట్రంలోనే, బే ఏరియాలో ఉండే మా బావమరిది నా లాంచ్ 1 చూసి ముచ్చటపడి అలాంటిదే తనకూ కావాలన్నప్పుడు, నేను పంపించలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ చాకుల గురించి మాట్లాడేవారు అందరూ తెరుచుకునే వేగం గురించే మాట్లాడతారు. నిజమే, బటన్ నొక్కగానే టక్కున తెరుచుకున్నప్పుడు మొదటి వారం పిల్లవాడికి కొత్త బొమ్మ దొరికినంత సంబరంగా ఉంటుంది, చుట్టూ ఉన్నవారికి ఆ చప్పుడు విసుగు పుట్టించేదాకా. కానీ టేపు కోయడానికి వచ్చిన మనిషికి అర సెకను ముందు తెరుచుకున్నా వెనుక తెరుచుకున్నా ఒరిగేది ఏమీ లేదు. చేతికి అలవాటు పడిన తరువాత రెండూ ఒకే వేగంతో తెరుచుకుంటాయని నా అనుభవం. తేడా అంతా మూసేటప్పుడు, మూసి జేబులో పెట్టుకున్న తరువాత బయటపడుతుంది. తెరిచిన ప్రతిసారీ మూయాలి కదా. పైగా తెరిచేటప్పుడు మన దృష్టి చాకు మీద ఉంటుంది, మూసేటప్పుడు తరువాతి పెట్టె మీద ఉంటుంది. వేళ్లు తెగేది సాధారణంగా ఆ క్షణంలోనే.

లీక్‌లో గడియ వేరే భాగం కాదు. పిడి వెనుక పలకనే చీల్చి, ఒక పట్టీలా వంచి, తెరుచుకున్న అలుగు అడుగుకు ఆనేటట్లు చేశారు. మూయాలంటే బొటనవేలితో ఆ పట్టీని పక్కకు నెట్టి పట్టుకుని, చూపుడువేలితో అలుగు వీపును లోపలికి తోయాలి. అంటే గడియను తొలగించిన ఆ కొద్దిసేపు బొటనవేలు సరిగ్గా అలుగు దిగే దారిలో ఉంటుంది. వేలు ఎప్పుడు తీయాలో చేతికి తెలియడానికి నాకు పది రోజులు పట్టింది. అయితే ఇందులో ఒక సౌలభ్యం ఉన్నది: చాలా దూరం వరకూ స్ప్రింగు అలుగును తిరిగి తెరవడానికే చూస్తుంది కాబట్టి, అలుగు దానంతట అది వేలి మీద పడదు, తోసినంత మేరకే వస్తుంది. చివరి కొద్ది దూరంలో మాత్రం స్ప్రింగు పక్షం మార్చి చటుక్కున లోపలికి లాగుతుంది. ఆ మలుపు ఎక్కడ వస్తుందో చేతికి తెలిస్తే భయం పోతుంది.

బటన్ చాకులో వేళ్లు అలుగు దారిలో ఉండవు. బొటనవేలు పిడి పక్కన బటన్ మీద ఉంటుంది. ఆ విధంగా చూస్తే అది క్షేమకరమైన పద్ధతి. కానీ బటన్ నొక్కి పట్టుకుని, మొదటి నుంచి చివరి వరకూ స్ప్రింగుకు ఎదురు తోసి, లోపల కడ్డీ టక్కుమని పడేదాకా వదలకూడదు. కడ్డీ పడకముందే వదిలితే అలుగు తిరిగి బయటికి వస్తుంది. ఒక్క చేత్తో ఈ పని చేయాలంటే వేలి బలం చాలక అందరూ అలుగు వీపును తొడకు ఆనించి నెడతారు. నేనూ అలాగే చేస్తాను. ప్యాంటు తొడ మీద ఒక నల్లటి గీత శాశ్వతంగా మిగిలిపోయింది. కీళ్లనొప్పులు ఉన్నవారికి బటన్ చాకు తేలిక అని చెప్పేవారు తెరవడం ఒక్కటే చూసి చెబుతారు; మా మామగారి చేతికి ఇచ్చి చూస్తే ఆయన తెరవగలిగారు, మూయలేకపోయారు.

మూసి జేబులో పెట్టుకోవడం సంగతి ఇంకా ముఖ్యం. ఈ రెండూ కొనకముందు నేను హైవే పక్క పెట్రోలు బంకులో గల్లా పెట్టె దగ్గర వేలాడదీసిన, పేరు కూడా గుర్తులేని ఒక అసిస్టెడ్ చాకు కొన్నాను. అలుగు మొన పైకి ఉండేటట్లు జేబుకు తగిలించుకునే క్లిప్పు ఉండేది. ఒకరోజు పాతిక కిలోల గోధుమపిండి బస్తాను తొడ మీదికి ఎత్తుకున్నప్పుడు అది బొడిపెను ఒరుసుకుని, చాకు జేబులోనే సగం తెరుచుకున్నది. తీద్దామని చేయి పెట్టినప్పుడు చూపుడువేలికి మూడు కుట్లు పడ్డాయి. లోపలికి పట్టి ఉంచే పట్టు బలహీనంగా ఉన్న అసిస్టెడ్ చాకు, అడ్డుకడ్డీ సరిగా పడని బటన్ చాకు, ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో చెప్పలేను. రెండూ జేబులో ఉండదగినవి కావు.

అందుచేత లీక్ కొనేటప్పుడు నేను మొదట చూసింది అలుగు మొన దగ్గర పిడిలో అమర్చిన చిన్న జారుడు మీట. దానిని ముందుకు జరిపితే అలుగు మొనకు అడ్డుగా నిలుస్తుంది. ఎంత ఒరుసుకున్నా తెరుచుకోదు. చాలామంది దానిని వాడరు, కొందరు విప్పి పారేస్తారు కూడా. బస్తాలు ఎత్తేటప్పుడు నేను వాడతాను, పెట్టెల పని మొదలుపెట్టినప్పుడు తీసివేస్తాను. లాంచ్ 1లో విడిగా అటువంటి మీట లేదు. బటన్‌ను పిడి ఉపరితలం కన్నా లోపలికి దించి అమర్చడమే దాని రక్షణ. బెంచ్‌మేడ్ వారి బటన్ చాకుల్లో విడిగా భద్రతా మీట ఉండడం మామూలు, వారి బరాజ్ అనే అసిస్టెడ్ చాకుకు కూడా వీపు మీద అది ఉన్నది. బరువు పనులు చేసేవారు అటువంటిది చూసుకోవడం మంచిది. ప్యాంటు జేబు అడుగున తాళంచెవులతో కలిపి వేసుకునే అలవాటు ఉన్నవారు ఏ స్ప్రింగు చాకూ కొనవద్దు. జేబు అంచుకు తగిలించుకుంటే అది ఎప్పుడూ ఒకే భంగిమలో నిలబడి ఉంటుంది.

మన ఇళ్లలో ఉప్పు, మిరపకాయలు చేతికి అందివ్వరు, కింద పెడితే తీసుకుంటారు. మా సరుకు గదిలో తెరిచిన చాకుకు కూడా అదే నియమం పెట్టాము. దీనికి శాస్త్రం ఏమీ లేదు గానీ, స్ప్రింగు చాకు అలవాటు లేని కుర్రవాడు అందుకోబోయి బటన్ మీద వేలు వేసినప్పుడు ఏమవుతుందో ఒకసారి చూసిన తరువాత పెద్దల పట్టింపు మీద గౌరవం పెరిగింది.

ఉక్కు విషయంలో రెండింటికీ కొంత తేడా ఉన్నది. లీక్ అలుగు 3 అంగుళాలు, శాండ్విక్ 14సి28ఎన్ అనే తుప్పు పట్టని ఉక్కు. సన్నని కణనిర్మాణం గల ఈ ఉక్కును సాన పట్టడం చాలా తేలిక. లాంచ్ 1 అలుగు 3.4 అంగుళాలు, సీపీఎం 154 అనే, లోహపు పొడిని ఒత్తి తయారుచేసే ఉక్కు; పదును మరికొంత ఎక్కువకాలం నిలుస్తుంది గానీ, వాదర మొద్దుబారిన తరువాత రాయి మీద కొంచెం ఓపిక కావాలి. అట్టపెట్టె మెత్తగా కనిపిస్తుంది గాని అది పదునును తినేసే సరుకు. దానిలో ఉండే మట్టి రేణువులు వాదరను అరగదీస్తాయి. కాబట్టి నా బోటివాడికి ఎంతకాలం నిలుస్తుందనే దానికన్నా ఎంత తేలికగా తిరిగి వస్తుందన్నదే ముఖ్యం. ఆదివారం రాత్రి నీటిరాయి మీద పది నిమిషాలు తీస్తే లీక్ మళ్లీ కాగితం కోస్తుంది. దాని మొన మాత్రం చాలా సన్నన. కుట్టుదారం కింద దూర్చడానికి అంతకు మించిన మొన లేదు. మేకు పెకలించడానికో, డబ్బా మూత లేపడానికో వాడదలచుకున్నవారికి అది తగదు. అలాంటి పనికి స్క్రూడ్రైవరు ఉన్నది.

పిడుల సంగతి క్లుప్తంగా చెబుతాను. లీక్‌ది నున్నటి ఉక్కు, లాంచ్‌ది అల్యూమినియం. లీక్ జేబులో ఉన్నట్టే తెలియనంత పల్చన. చొక్కా జేబులో పెన్నులా కూడా ఇముడుతుంది. నూనె డబ్బాలు తుడిచిన చేత్తో పట్టుకోవాలంటే లాంచ్ పిడే మేలు.

నిర్వహణలో అసిస్టెడ్ చాకుకు ఎక్కువ మార్కులు ఇస్తాను. మా గదిలో గాలిలోనే పసుపు, కారం, బియ్యపు తవుడు ఉంటాయి. టేపు బంక అలుగుకు అంటుకుని ఈ పొడులన్నిటినీ లోపలికి లాగుతుంది. అసిస్టెడ్ చాకులో దుమ్ము చేరితే అలుగు బద్ధకంగా తెరుచుకుంటుంది, అంతే. స్ప్రింగు కడ్డీ విరిగినా అది మామూలు మడత చాకులా పనిచేస్తూనే ఉంటుంది. బటన్ చాకులో కడ్డీ దిగే గుంటలో బంక చేరితే గడియ సరిగా పడదు, అంటే జేబులో తెరుచుకునే ప్రమాదం అక్కడి నుంచే మొదలవుతుంది. నెలకు ఒకసారి ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో బంక కడిగి, గాలి కొట్టి, ఇరుసు దగ్గర ఒక్క చుక్క నూనె వేస్తాను. ఒక్క చుక్క అని నొక్కి చెప్పడానికి కారణం, ఎక్కువ వేస్తే అది తవుడుతో కలిసి ముద్ద అవుతుంది. పిడి ముందు నుంచి అలుగు నేరుగా దూసుకువచ్చే రకం చాకులు, మైక్రోటెక్ వారి అల్ట్రాటెక్ వంటివి, చూడడానికి అద్భుతమైన పనితనం గలవే. కానీ వాటి నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, జేబులోని నూలుపోగులు నేరుగా లోపలికి పోతాయి. అలుగు దారిలో ఏదైనా అడ్డు తగిలితే యంత్రం మధ్యలోనే పట్టు తప్పి అలుగు వదులుగా ఊగుతుంది, చేత్తో లాగి మళ్లీ కూర్చోబెట్టాలి. సరుకు గదికి వాటిని నేను సిఫారసు చేయను.

బటన్ చాకు నిస్సందేహంగా గెలిచే చోటు ఒకటి ఉన్నది: ఫ్రీజర్ గది. సున్నా కన్నా 18 డిగ్రీలు కింద ఉండే ఆ గదిలో మందపాటి చేతితొడుగులు వేసుకుని పరోటాల పెట్టెలు కోసేటప్పుడు, లీక్ బొడిపె తొడుగుకు అందదు, వెనుక మొటిమ మీద వేలు జారిపోతుంది. లాంచ్ బటన్ తొడుగు మీద నుంచి కూడా దొరుకుతుంది. ఒక చేయి లేనివారికి 3 అంగుళాలకు మించని బటన్ చాకును వెంట ఉంచుకునే మినహాయింపు 1958 నాటి చట్టంలోనే ఉన్నది. ఒక్క చేత్తోనే తెరవవలసినవారికి దాని ఉపయోగాన్ని చట్టం రాసినవారు అప్పుడే గుర్తించారన్నమాట. ఎడమచేతి వాటం వారు కొనేముందు బటన్ ఏ పక్కన ఉందో చూసుకోవాలి, అది చాలా చాకుల్లో కుడిచేతి బొటనవేలి కోసమే ఉంటుంది.

ఎక్కడికి తీసుకువెళ్లకూడదో కూడా కొనుగోలులో భాగమే. ఫెడరల్ భవనాల్లో ఆయుధ నిషేధం నుంచి చట్టం మినహాయించేది 2.5 అంగుళాల లోపు జేబు చాకును మాత్రమే, కాబట్టి వేలిముద్రలకో పౌరసత్వపు ఇంటర్వ్యూకో ఇమిగ్రేషన్ కార్యాలయానికి వెళ్లేరోజు లీక్‌ను ఇంట్లోనే వదలాలి. పిల్లలను దించడానికి బడిలోకి వెళ్లేవారికీ అదే మాట. విమానంలో చేతిసంచీలో ఏ చాకునూ అనుమతించరు, తనిఖీకి ఇచ్చే పెట్టెలో పెట్టుకోవచ్చు. అయితే ఇండియాలో చుట్టాలకు బహుమతిగా తీసుకువెళ్దామనుకునేవారు ఆగి ఆలోచించాలి. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ప్రకారం, స్ప్రింగుతోనో బటన్‌తోనో తెరుచుకునే చాకు అలుగు పొడవు 7.62 సెంటీమీటర్లు, వెడల్పు 1.72 సెంటీమీటర్లు చేరితే ఆయుధాల చట్టం వర్తిస్తుంది. 7.62 సెంటీమీటర్లంటే సరిగ్గా 3 అంగుళాలు, లీక్ అలుగు పొడవు. సినిమా రౌడీల చేతుల్లో కనిపించే రాంపురీ చాకుల వారసత్వం ఉన్న దేశంలో బటన్ అనగానే పోలీసులకు గుర్తుకు వచ్చేది అట్టపెట్టెలు కాదు. బావమరిదికి చివరికి ఒక స్విస్ చాకు ఇచ్చాను, విక్టోరినాక్స్ వారి 58 మిల్లీమీటర్ల క్లాసిక్. 21 గ్రాములు, కత్తెర కూడా ఉన్నది, ఎక్కడా ఎవరూ కనుబొమ ఎగరేయరు.

ధర విషయానికి వస్తే, లీక్ వంద డాలర్ల లోపే దొరుకుతుంది, లాంచ్ 1కు అంతకన్నా ఎక్కువే పెట్టాలి, ప్రోటెక్ వంటి కంపెనీల బటన్ చాకులు ఇంకా పైకి పోతాయి. ఆ అదనపు డబ్బు యంత్రపు నునుపుకే పెడుతున్నాము గానీ అదనపు కోతకు కాదు. రోజుకు రెండు కవర్లు, ఒక అమెజాన్ పెట్టె కోసుకునేవారికి స్ప్రింగు అసలు అవసరం లేదు. స్పైడర్కో డెలికా వంటి చాకులో అలుగుకు ఉన్న గుండ్రటి రంధ్రంలో బొటనవేలు పెట్టి తిప్పితే అదే ఒక చేతి సౌకర్యం, లోపల విరగడానికి ఏమీ లేదు. ఇంకా నిజం చెప్పాలంటే, అలుగులు మార్చుకునే బాక్స్ కట్టర్ నాలుగైదు డాలర్లకు హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది, మా యజమాని బాబాయి పదిహేనేళ్లుగా దానితోనే నెట్టుకొస్తున్నారు, నా చాకులను చూసి నవ్వుకుంటారు.

కొనేటప్పుడు దుకాణంలో ఒకసారి తెరిచి చప్పుడు విని మురిసిపోకుండా, కౌంటరు మీద పదిసార్లు మూసి చూడండి, అందులో ఐదుసార్లు ఒక్క చేత్తో, వేరే వైపు చూస్తూ. వెలుతురులో పట్టుకుని, మూసిన అలుగు పిడి మధ్యన ఉందో ఒక పక్కకు ఒరిగి ఉందో గమనించండి. మూసిన చాకును పట్టుకుని గట్టిగా విదిలించండి. మొన ఏమాత్రం బయటికి తొంగిచూసినా తిరిగి అద్దం వెనుక పెట్టించండి. తెరిచిన చాకు అలుగు వీపు మీద అరచేత్తో మెల్లగా నొక్కి, గడియ జారుతుందేమో చూడండి. అమ్మేవారు ఇందుకు ఒప్పుకోకపోతే వేరే దుకాణానికి వెళ్లండి.

ప్రస్తుతం లీక్ నా కుడి జేబులో ఉంటున్నది. లాంచ్ 1 ఫ్రీజర్ తలుపు పక్కన, చేతితొడుగులు తగిలించే కొక్కేనికి చిన్న తోలు సంచీలో వేలాడుతున్నది. ఆ గదిలోకి వెళ్లేటప్పుడు తొడుగులతో పాటు తీసుకుంటాను, వచ్చేటప్పుడు అక్కడే పెడతాను. కొత్తగా చేరిన కుర్రవాడు మొదటి రోజే దాన్ని చూసి చేయి చాచాడు. వాడికి బాబాయి వాడే రకం బాక్స్ కట్టర్ ఇచ్చాము.